కొత్త తీగలు, కొత్త నులక

మార్కాపురం, శనివారం రాత్రి

మిషను దొరసానిగారు నమ్మి ఇచ్చిన గిటారుకు పొద్దున కొత్త తీగలు వేశాను. ఎన్నిసార్లు శ్రుతి చేసినా కాసేపటికే దిగిపోయాయి. రేపు ఆరాధనలో వాయించాలి. గిటారు పాడుచేశానేమోనని అన్నం సయించలేదు.

సాయంత్రం, మంచాలకు నులక అల్లి వచ్చిన నాయన చూసినాడు. "కొత్త నులక సాగదా ఏంది? సాగినంత సాగనిచ్చి మళ్లీ బిగించాల. ఇదీ అంతే గదరా," అన్నాడు.

ఒక్కో తీగనూ వేలితో మెల్లగా లాగి, మళ్లీ బిగించాను. నాలుగోసారికి నిలిచాయి.

ఇప్పుడే మీటి చూశాను. దిగలేదు. ప్రాణం కుదుటపడింది.

పక్కన నాయన నిద్రపోతున్నాడు. ఊరందరి మంచాలూ బిగించే మనిషి, తన కుక్కిమంచంలో నడుము నేలకు తగిలేట్టు... రేపు ఆరాధన కాగానే ఆ నులక నేనే లాగాలి.