వట్టికొమ్ము

తాతా,

నా రాత చూసి నవ్వకు. తప్పులుంటే నువ్వే దిద్దుకుని చదువుకో, అక్షరాలు నేర్పింది నువ్వే కదా.

ఈ పరాయి దేశంలో కంప్యూటర్ కంపెనీలు వరసగా మూతపడుతున్నాయి. మా ఆయన ఉద్యోగం కూడా పోయింది. నాకు చెప్పలేదు. రోజూ టై కట్టుకుని, క్యారేజీ పట్టుకుని వెళ్తారు. చోవా చూ కాంగ్ అనే పేటలోని లైబ్రరీలో కూర్చుంటున్నారని పక్క ఫ్లాటు కుమారమ్మ ఆంటీ చూసి చెప్పింది. "అడిగెయ్ లా, మొగుడే కదా!" అంది ఇక్కడి యాసలో. నేను మర్నాడు కూడా క్యారేజీ కట్టి ఇచ్చాను.

మన ఊళ్ళో ఇటుకల పండగ వేటకెళ్ళి ఏమీ దొరక్కుండా తిరిగొచ్చిన మగవాళ్ళ మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు పోస్తారు కదా. ఆ సిగ్గుకి పూర్వం ఒకతను అడవిలోనే ఉండిపోతే పులి పట్టుకుపోయిందనీ, అప్పటినుంచే ఉత్తచేతుల్తో వచ్చేవాళ్ళు అడవి అంచునుంచే వట్టికొమ్ము ఊదుతున్నారనీ చెప్పేవాడివి. "ఏమీ దొరకలేదు, అయినా వస్తున్నాం" అని దాని అర్థం. అది వినగానే నాయనమ్మ పేడనీళ్ళ కుండ పక్కన పెట్టి అన్నం వార్చేది.

ఆ కొమ్ము ఊదినవాడివి కనుక నిన్నే అడుగుతున్నాను. దాన్ని అడవి వైపు నుంచే ఊదాలా, ఇంటి వైపు నుంచి కూడా ఊదవచ్చా?

నిన్న ఆయన లిఫ్టు దిగేసరికి నేనే తలుపు తీసి నిలబడ్డాను. క్యారేజీ సంచీ అందుకుని, "అన్నం వేడిగా ఉంది, రండి" అన్నాను. ఆయన తల వంచుకుని చాలాసేపు బూట్లు విప్పుతూనే ఉన్నారు.

ఈ ఉత్తరం చదవగానే పొయ్యిలో పెట్టెయ్. ఉద్యోగం పోయిన సంగతి ఊళ్ళో ఎవరికి తెలిసినా ఆయన నోటితోనే తెలియాలి.

నీ మనవరాలు