రెండు సాయాలు, ఒక అద్దం

రువాన్, 3 మార్చి 1913

గాస్పార్ గారికి నమస్కారాలు.

‘నా ముఖానికి’ అనే నా కవితను తొమ్మిది పత్రికలు తిప్పి పంపాయి. ముక్కూమొహం తెలియని మనిషి ఒక్కరు దాన్ని చివరిదాకా చదివితే చాలు, నా జన్మ ధన్యం. మీరు అడిగినట్టు నా దస్తూరీతోనే రాసి పంపుతున్నాను. అచ్చుచెక్క మీద మీ బొమ్మ పక్కనే దాన్నీ చెక్కండి.

ఇట్లు,
లియోంటిన్

తా.క. మీకు శ్రమ తగ్గేలా ఒక సాయం చేశాను. ఏమిటో చెప్పను, కాగితం చూస్తే తెలుస్తుంది.

*

పారిస్, 20 మార్చి

అమ్మాయ్ లియోంటిన్, ఆశీస్సులు.

నీ కాగితం చూసి గుండె గుభేలుమంది. ఒక్క అక్షరం కొరుకుడు పడలేదు! ఈ కాలపు కవిత్వం ఇంతే కాబోలు అనుకుని, అచ్చులో తిరగబడకుండా కాగితాన్ని చెక్క మీద బోర్లా అంటించి ఉలి పట్టాను. ఇంతకాలం బొమ్మలే చెక్కాను, అక్షరాలు ఇదే మొదలు. చిత్రం, కాగితం వెనకవైపు నుంచి నీ కవిత తేటతెల్లమైంది! చదువుకుంటూ చెక్కాను, కళ్ళు చెమర్చాయి. పక్కన టోపీ బొమ్మ వేశాను, దాని కింద ముఖం ఖాళీగా వదిలాను. నూరు ప్రతులు అచ్చువాళ్ళే నేరుగా నీకు పంపుతారు.

నీ,
గాస్పార్

తా.క. నీ సాయం కనిపెట్టాను. పల్చటి కాగితం! అంటించడానికి భలే కుదిరింది.

*

రువాన్, 2 ఏప్రిల్

గాస్పార్ గారికి,

పల్చటి కాగితమా, నా శ్రాద్ధమా! అచ్చులో తిరగబడతాయని, మా అత్త టోపీల కొట్లో అద్దం ముందు కూర్చుని, మూడు రోజులు మెడ విరుచుకుని అక్షరాలన్నీ ముందే తిప్పి రాశాను. మీరు మళ్ళీ తిప్పారు. నూరు ప్రతుల్లోనూ అక్షరాలు వెనక్కి నడుస్తున్నాయి! బొమ్మల ప్రదర్శన పెట్టే పెద్దమనిషి పకపకా నవ్వి తలుపేసుకున్నాడు. ఇంక నన్నెవరు చదువుతారు?

లియోంటిన్

తా.క. కొట్లో గోడకు చెమ్మ పట్టిందట. మా అత్త మీ కళాఖండాలు అడుగుతోంది, అంటించడానికి.

*

పారిస్, 5 ఏప్రిల్

అమ్మాయ్,

తప్పు నాదే. సగం. తిప్పానని ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయేది? అయినా ఎందుకేడుస్తావు? ముక్కూమొహం తెలియని మనిషి ఒక్కరు చదివితే చాలన్నావు. నేను నిన్నెప్పుడైనా చూశానా? చివరిదాకా చదివానా లేదా?

గాస్పార్

తా.క. గోడకు అంటించేటప్పుడైనా బొమ్మ తలకిందులు కాకుండా చూసుకో.

*

రువాన్, 14 ఏప్రిల్

గాస్పార్ గారూ, గాస్పార్ గారూ!

గెలిచాం! మా అత్త వాటిని అద్దాలకు ఎదురుగోడ మీద అంటించింది. శనివారం మాంసం కొట్టు మదాం క్రెటో వచ్చి, ఊదారంగు టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకుంది. భుజం పక్కన నా కవిత, శుభ్రంగా, తిన్నగా! పెదవులు కదుపుతూ చివరిదాకా చదివింది. ఏడ్చింది. వెనకావిడ “జరగవమ్మా” అంటే “ఉండవే, నా ముఖంతో మాట్లాడుతున్నా!” అని కసిరింది. సోమవారానికి వీధిదాకా వరస. మిగిలిన ప్రతులన్నీ అయిపోయాయి. గోడవి కూడా గీరుకుపోయారు, సున్నంతో సహా. ఆ ప్రదర్శన పెద్దమనిషి టోపీ చేత్తో పట్టుకుని వచ్చి, “ముఖాన్నీ కవితనీ ఒకే అద్దంలో చూపించాలన్న ఆలోచన ఎవరిదండీ?” అన్నాడు. తల ఎగరేసి, “మా ఇద్దరిదీ” అన్నాను.

మీ,
లియోంటిన్

తా.క. రెండో కవిత పంపుతున్నాను. ఈసారి నేను తిప్పలేదు. మీరు కూడా తిప్పకండి. పొరపాటున సరిగ్గా అచ్చయిందా, మీకూ నాకూ మాటల్లేవు!