పురుగు పట్టని పసై

అన్నా,

నువ్వు ట్రంకుపెట్టె మూతకు బొమ్మ అంటించుకున్న ఆ రష్యా మంచు హాకీ ఆటగాడు ఇప్పుడు ఆట మానేసినాడంట. ఫొటో పక్కన "వయసు 43" అని తమిళ పేపర్లో పెద్దగా వేసినారు. నువ్వుంటే నీకూ అంతే.

"ముప్పైకే ముసలోడివైతివి, పోయి అగ్గిపెట్టెలు చేసుకో" అని నిన్ను కోవిల్‌పట్టి హాకీ జట్టులోంచి తీసేసిన కోచ్, విరుదునగరంలో కొత్తిల్లు కట్టినాడు. నీ పాడె ఎత్తినపొద్దు మాత్రం రాలేదు.

నీ చెల్లెల్ని, ఊరికే ఉంటానా. మా అగ్గిపెట్టె ఆఫీసులో లేబుళ్లంటించే మైదా పసై గట్టిగా కాచి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి, నిన్న పోయి ఆ పేపరు ఆయన టేకు తలుపుకు అంటిస్తిని.

ఈపొద్దు మళ్లీ పోయి ఎదురు టీ అంగడికాడ నిలబడి చూస్తిని. కత్తితో గీకుతా ఉండాడు. ఫొటో పోయింది. నలభైమూడు పోలేదన్నా.