డాష్‌బోర్డులో బల్లి

చిట్యాల

అమ్మా, మేమంతా బాగున్నాం, ఫికర్ చేయకు.

మా పాత కారులో ఏసీ వేస్తే టిక్కుటిక్కుమనేది, వేడిగాలే వచ్చేది. అత్తమ్మ ఏదన్నా అన్నాక ఆ చప్పుడైతే, "సూడు, బల్లి గూడ సత్తెమన్నది" అని మురిసిపోయేది. ఆదివారం డాష్‌బోర్డు కింద మీ అల్లుడి చెయ్యి పట్టక, నేనే చెయ్యి పెట్టి, గాలిని మళ్లించే చిన్న మోటారు ఊడదీశాను. దాని చక్రం పళ్లు అరిగిపోయాయి, ఆ టిక్కుటిక్కు దానిదే. కొత్తది బిగించగానే చల్లగాలి మొహానికి కొట్టింది. నేను కేక పెట్టాను. అత్తమ్మ మాత్రం, "నా బల్లిని సంపిండ్రు, ఇగ నా మాటకు ఎవలు సత్తెమంటరు?" అన్నది. కడుపు పట్టుకొని నవ్వాం.

కంటి ఆపరేషన్‌కు బస్సెక్కకు. శుక్రవారం మేమే కారుతో జడ్చర్ల వస్తాం. బర్రె ఈనిందా? చింతపండు కొంచెం తీసిపెట్టు. ముందు సీటు నీకే ఇస్తానని అత్తమ్మ చెప్పమంది.

నీకూ బాపుకూ దండాలు.

నీ బిడ్డ,
సుగుణ