బైబిల్లో దాచిన ట్యాగులు

జింకల లెక్క చూసే అధికారిగారికి, ప్రభువు నామమున వందనాలు.

తప్పు నాది. గూటిలో తల్లిపక్షిని పట్టవద్దన్న ధర్మశాస్త్రం చదివి, "వేటకు అనుమతిచ్చే ట్యాగు ఒక్కోదానికి ఒక్క ఆడజింక. మనం కొన్న ట్యాగు మీద ఇంకెవడూ దాన్ని కొట్టలేడు. కొని బైబిల్లో పెట్టేయండి" అని పోయినేడు మా సంఘానికి బోధించింది నేనే. తుపాకీ ముట్టని ఆడవాళ్లు కూడా వరసలో నిలబడ్డారు. మీ గుమాస్తా, "ఏం మామ్మా, ఈ వయసులో వేటకా?" అని నవ్వితే, ఎనభై ఏళ్ల డెల్ఫియా, "నా గురి నీకంటే నయం నాయనా" అంది.

ఉన్న నలభై ట్యాగులూ మేమే కొన్నాం. ఎన్ని కొట్టారని మీరడిగిన చీటీలకు జవాబివ్వలేదు. ట్యాగులన్నీ అమ్ముడుపోయాయి కనక కొండమీద జింకలు బాగానే ఉన్నాయనుకుని, ఈ ఏడు మీరు ట్యాగులు నూట ఇరవై చేశారు. అవి మా చేతికి రాకముందే బయటి వేటగాళ్లు పట్టుకుపోయారు. శనివారమే వేట మొదలు.

అయ్యా, ఆ నలభై ట్యాగులూ ఇందులో పెట్టాను. జింక పడ్డాక కోయాల్సిన అంచు ఒక్కదానికీ కోసి లేదు, చూడండి. శిక్ష నాకు వేయండి. ఆ నూట ఇరవై మాత్రం శనివారంలోగా రద్దు చేయండి. ఓడలోకి ఎక్కించడానికి నోవహుకు జతలు దొరికాయి. నేను ఆదివారం నుంచి ఈ కొండంతా తిరిగాను. కనబడింది ఒక్క తల్లి, దాని వెనక ఒక్క పిల్ల.

వాటి తరఫున మోకరించి,
కొండమీది ప్రార్థనామందిరం బోధకుడు