తేజు పెట్టిన పేరు

జూన్ 14
ఈరోజు చేతి గుర్తు "నీళ్ళు". గూడూరులో షాహీనా మధ్యాహ్నం కుట్టుమిషను ఆపి రోజుకొక వీడియో పెడుతుంది. మాట ఉండదు, చేతులే. మా పాప తేజులాగే తనదీ పుట్టు చెవుడే. ఇక్కడ చిత్తూరులో నేను కుక్కరు మూడో విజిల్ లోపు పదిసార్లు చూసి నేర్చుకుంటాను. తేజు ఒక్కసారి చూసింది. చేసేసింది. ఆరేళ్ళ పిల్ల... నీళ్ళు కావాలని మొదటిసారి అడిగింది. ఇన్నాళ్ళూ బిందె దాకా నా చెయ్యి పట్టి లాక్కెళ్ళేది.

జూన్ 15
అడగొచ్చని తెలిశాక పొద్దుటినుంచి నీళ్ళే నీళ్ళు. నిక్కరు రెండుసార్లు మార్చాను.

జూన్ 19
అత్తకు నచ్చలేదు. "సేతులు తిప్పడం మరిగితే ఇంక నోరు యాడ తెరుస్తాది..." గొడవ పెట్టుకోలేదు. నా భయమూ అదే. చెవికి మిషను పెట్టించి మూడేళ్ళు. వారం వారం తిరుపతికి తిప్పి మాటలు నేర్పిస్తే వచ్చింది ఒక్కటే — "మ్మ". సగం అమ్మ. ఆ సగం నాకు చాలు. అది కూడా పోతే తట్టుకోలేను. ఈ మాట ఎవరితోనూ అనలేదు.

జూన్ 27
"చాలు", "ఇంకా", "కోపం" వచ్చాయి. కోపం బాగా కుదిరింది. ప్రయోగమంతా నా మీదే.

జూలై 3
షాహీనా నన్ను తన ఫోన్ గ్రూపులో చేర్చింది. పలమనేరు, మదనపల్లె, తిరుపతి... అందరూ చెవుడున్న పిల్లల తల్లులే. పొద్దున్నే పువ్వుల బొమ్మలు పంపే రకం గ్రూపు కాదు. బడిలో పిల్ల ఏడ్చి వస్తే ఎందుకేడ్చిందో ఎట్లా తెలుసుకుంటారని ఒకామె అడిగింది. నలుగురు నాలుగు విధాలుగా రాశారు. అన్నీ చదివాను, మళ్ళీ చదివాను. నాలాంటివాళ్ళు ఇంతమంది ఉన్నారని తెలిసి ఎంత హాయిగా ఉందో.
అన్నం అడుగంటింది.

జూలై 8
తప్పు చేశాను. తేజుకి గుర్తుల్లో పేరు లేదు కదా అని నేనే ఒకటి కట్టాను — పిడికిలి మూసి మెల్లగా తెరవడం, దీపం వెలిగినట్టు. వీడియో తీసి గ్రూపులో పెట్టి, మెప్పు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. షాహీనా విడిగా రాసింది: "అక్కా, మాలో పేరు మేమే పెడతాం. వినపడేవాళ్ళు పెడితే అది పేరు కాదు. మనిషిని చూసి పెట్టాల. నెలాఖర్లో అందరం కలుస్తున్నాం, పాపని తిరుపతికి తీసుకురా."

కన్నది నేను కదా అని ఉడుక్కున్నాను. తొట్టిలో వేసిన రోజు ఆయన బియ్యంలో పేరు రాశారు. అత్త చెవిలో మూడుసార్లు చెప్పింది. ఆ చెవికి వినపడలేదని మాకు రెండేళ్ళకి గానీ తెలియలేదు.
సాయంత్రానికి కోపం దిగింది. షాహీనా అన్నది నిజమే. వీడియో తీసేశాను.

జూలై 16
నాయుడుపేట నుంచి ఆయన వచ్చారు, కంపెనీకి రెండు రోజులు సెలవు. తేజు "నీళ్ళు" అని అడిగేసరికి చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. తర్వాత "నాకూ నేర్పియ్యి" అన్నారు. నేను వీడియో చూపిద్దామని ఫోన్ తీస్తే తేజు నా చెయ్యి తోసేసింది. వాళ్ళ నాయనకి తనే నేర్పుతుందట. నేర్పింది కూడా.

జూలై 27
తిరుపతి వెళ్ళి వచ్చాం. గ్రూపులో ఒకామె ఇంటి మేడ మీద కలిశాం. ఇంతమంది చేతులు ఒక్కసారి ఆడుతుంటే ఎవరిని చూడాలో తోచలేదు. కింద బస్సుల హారన్లు, పైన నవ్వులు. షాహీనా గంటసేపు తేజుని ఊరికే ఆడుకోనిచ్చి చూసింది. తర్వాత తన గడ్డం కింద వేలితో చిన్న గీత గీసింది. మెట్ల మీద పడ్డప్పటి మచ్చ తేజుకి అక్కడే ఉంది. అదే పేరు. తేజు పదిసార్లు చేసుకుంది, నా మొహం తన వైపు తిప్పి మరీ.

మరి మీ అమ్మ పేరేంటి అని షాహీనా చేతులతోనే అడిగింది.
తేజు ఆలోచించనే లేదు. ఎడమ అరచెయ్యి మొహం ముందు పెట్టుకుని, దాని మీద కుడి బొటనవేలు పైకి, పైకి తోసింది. ఫోన్. ఎప్పుడూ ఫోన్ చూసే మనిషి.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

జూలై 28
ఇంట్లో అందరికీ పేర్లయిపోయాయి. వాళ్ళ నాయన — హెల్మెట్. అత్త — ముక్కుపుడక. అత్త మురిసిపోయి వీధి చివరిదాకా చెప్పి వచ్చింది. "నా మనవరాలు నాకు పేరు పెట్టిండాది సూడు." నోరు తెరవదేమో అన్న మాట మళ్ళీ ఎత్తలేదు. మంచిదే. ముక్కుపుడక మంచి పేరు. నాకు కుళ్ళుగా ఉంది.

జూలై 31
నాలుగు రోజులు. ఒక్కసారి కూడా "మ్మ" లేదు. కొంగు లాగుతుంది, నేను తిరగ్గానే ఆ గుర్తు. కోపంగా ఏం కాదు, ప్రేమగానే. ఎవరి కోసం చూశానే ఆ ఫోను... ఆ మాట తేజుకి చెప్పడానికి నా దగ్గర అన్ని గుర్తులు లేవు. అవి నేర్చుకోవాలన్నా ఫోనే తీయాలి.

ఆగస్టు 2
పేరు మార్చుకోవచ్చా అని షాహీనాని అడిగాను. "పెట్టిన మనిషి మారిస్తే మారతాది అక్కా. మనం అడగకూడదు."

ఆగస్టు 5
పొద్దున ఫోన్ బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాను. ఈరోజు వీడియో చూడలేదు, ఏం గుర్తో తెలియదు.
మధ్యాహ్నం తేజు వంటింటి గడపలో నిలబడింది. ఎడమ అరచెయ్యి ఎత్తింది. బొటనవేలు దాని మీదికి రాబోయి ఆగింది. నా చేతుల నిండా చింతపండు పులుసు. వాటినే చూస్తూ ఉంది. నేను కదల్లేదు, పిలవమని లోలోపలే అనుకుంటున్నాను... ఏదో ఒకటి, పిలువు.
అరచెయ్యి దించేసింది. "నీళ్ళు" అని అడిగింది. అడిగే ముందు నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు.
చేతులు కడుక్కుని ఇచ్చాను.