బుట్టలో మిగిలిన కార్డు

జనవరి 1

కోడలు చెప్పింది తప్పు. అత్తయ్యకి కోపం వచ్చింది, నాలుగు రోజులు కదిలించకండి అని వంటింట్లో మా అబ్బాయితో అంటోంది. నాకొచ్చింది కోపం కాదు, ఏవగింపు. కోపమైతే కాఫీతో తగ్గుతుంది. ముప్పై మూడేళ్లు బడిలో భాష చెప్పినదాన్ని, ఆ రెంటికీ తేడా నాకు తెలుసు.

సంగతి ఇదీ. మా చర్చిలో కొత్త సంవత్సరం మొదటి రోజున ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర బుట్ట పెడతారు. ఒక్కొక్కరూ ఒక వాగ్దానం కార్డు తీసుకుంటారు. దాని మీదున్న వచనం ఆ ఏడాదికి దేవుడు వాళ్లకిచ్చిన మాట. ఇరవై ఆరేళ్లుగా ఆ కార్డులు నేనే రాశాను, కలం ఇంకులో ముంచి, నా చేత్తో. ఏ రెండూ ఒకలా ఉండవు. ఈ ఏడు పాస్టర్ ప్రెస్సులో కొట్టించాడు. సూర్యాస్తమయం, ఎగిరే పావురం, ఒక మూలన చర్చి ఫోన్ నంబరు. మధ్యలో ఎక్కడో చీమల బారులా వచనం.

అమ్మగారూ, మీకు శ్రమ తగ్గించాం అన్నాడు. మూడో క్లాసులో నా దగ్గర చదువుకున్నవాడే. అప్పుడు పక్కవాడి పలక చూసి రాసేవాడు. ఇప్పుడూ అదే పని, పలక బదులు ఫోను.

శ్రమ తగ్గించిన సందర్భంగా నాకో బహుమానం, ఈ పుస్తకం. దీని పేరు కృతజ్ఞతా డైరీ. విశ్వాసం పెరగడానికి రోజుకు మూడు కృతజ్ఞతలు రాయాలట. పేజీకి మూడు గీతలు, గీత పక్కన గుండె బొమ్మ.

సరే. ఒకటి: ప్రసంగం అయిపోయింది. రెండు: నా కుర్చీకి ఆనుకోవడానికి వీలుంది. మూడు: రెండు చాలు.

కార్డు తీసుకోకుండా వచ్చేశాను.

జనవరి 2

పాస్టర్‌కి గొంతు పోయిందట. స్తోత్రం.

జనవరి 4, ఆదివారం, ఉదయం తొమ్మిది

చర్చికి వెళ్లలేదు. మోకాళ్ల నొప్పి అన్నాను. కోడలు గుమ్మంలో నిలబడి, నొప్పి మోకాళ్లకా అత్తయ్యా, ముక్కుమీదా అంది. ఈ ఇంటికి వచ్చినప్పుడు మూగపిల్లేమో అనుకున్నాను. ఆ నోరు నా దగ్గర నేర్చుకున్నదే.

దేవుడితో నాకు తగువు లేదు. ఆయన మనుషులతోనే. ఇక ఆ గుమ్మం తొక్కను. బైబిలు ఇంట్లోనూ ఉంది, కుర్చీ ఇంట్లోనూ ఉంది.

కృతజ్ఞత గురించి వాళ్లు నాకు చెప్పేదేమిటి? ఏడేళ్ల కిందట డిసెంబరు నెలాఖరులో మా ఆయన పోయారు. చర్చి మొత్తం వరసగా వచ్చి, మీ కోసం ప్రార్థన చేస్తున్నామండీ అంది. బయట చెప్పులు వేసుకునేలోపే మర్చిపోయి ఉంటారు. ఒక్కరంటే ఒక్కరు చేశారని నేను నమ్మను. రెండు నెలలు గడప దాటలేదు. ఆ గోతిలోంచి నా గోళ్లతో నేనే పైకి వచ్చాను. ఎవరికి చెప్పాలి కృతజ్ఞత?

జనవరి 5

ఈ డైరీ రిబ్బను నిన్నటి పేజీలో పెట్టాను. ఈ రోజు మొదటి పేజీలో ఉంది. రిబ్బన్లకు కాళ్లు రావు.

జనవరి 7, మధ్యాహ్నం

చర్చి ఊడ్చే ఆవిడ వచ్చింది. నా ఈడుదే. చదువు రాదు. ఏటా అందరూ తీసుకున్నాక బుట్ట అడుగున మిగిలిన కార్డు ఆవిడ తీసుకుంటుంది, గుమ్మంలో నిలబడి నేను చదివి వినిపిస్తాను. అంతే మా స్నేహం.

కుర్చీ వేస్తే, కూర్చోకముందు దాని కింద దుమ్ము చూసింది. ఆఫీసుకు సెలవు పెట్టి ఇంట్లో ఉన్న మా కోడలి మొహం చూసి తీరాలి.

ఈ ఏటి కార్డు తనకీ, తాపీమేస్త్రికీ, పాస్టర్ భార్యకీ ఒకటే వచ్చిందట. ఇది నాకు రాసింది కాదు టీచరమ్మా, ఊరంతటికీ అంటించిన నోటీసు అంది. చదువుకున్నవాళ్లెవరికీ తోచలేదు ఈ మాట. నా చెవులు చల్లబడ్డాయి.

సంచిలోంచి రేకు డబ్బా తీసింది. లోపల నా కార్డులు, వరస తప్పకుండా. వయసు మీద పడి మాటలు జారిపోతున్నాయి, ఇంకొక్కసారి చదివి పెట్టమంది. చదివాను. ప్రతి కార్డుకూ ఆవిడ దగ్గర ఒక వ్యాఖ్యానం ఉంది. ఇది అల్లుడు తాగుడు మానేసిన ఏడు. ఇది మళ్లీ మొదలెట్టిన ఏడు.

ఇరవయ్యో కార్డు ఖాళీ.

ఏ ఏడో వెంటనే తెలిసింది. మా ఆయన మంచం పక్కన కూర్చుని రాసినవి. చివరిది రాయకముందే ఆయన పోయారు. మా అబ్బాయి చూసుకోకుండా కట్టంతా తీసుకెళ్లి బుట్టలో పోశాడు. ఆ జనవరి ఒకటిన గుమ్మంలో చదవడానికి నేను లేను.

ఏదో ఒక వచనం అప్పజెప్పేద్దామని నోరు తెరిచాను. ఆవిడ కార్డు మీద అరచెయ్యి పెట్టింది. చదువు లేదు గాని కళ్లున్నాయి టీచరమ్మా, అందులో ఏమీ లేదని ఆ రోజే తెలుసు అంది. మరి అడగలేదేం, ఇంకొకటి రాసి ఇచ్చేదాన్నిగా అన్నాను. ఇంకొకటెందుకు, అది నాది కాదు, మీదని దాచాను అంది.

రోజూ ఊడ్చుకుంటూ నా కుర్చీ దాకా వచ్చి, చీపురు పక్కన పెట్టి, ఆ కార్డు కుర్చీలో ఉంచి, ప్రభువా, ఆవిడకి చెయ్యి రావట్లేదు, నువ్వే ఏదన్నా రాయి అని అడిగేదట. మార్చిలో నేను మళ్లీ వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాక కూడా ఆపలేదట. మొహం ఇంకా బాగుపడలేదు కదా మరి, అంది. ఏడాది పొడుగునా అడిగింది.

కార్డు బల్ల మీద పెట్టి, ఇక మీ దగ్గరే ఉంచుకోండి అంది. మెట్లు దిగుతూ, మొన్న ఆదివారం మీ కుర్చీలో ఎవరో గొడుగు పెట్టారు, తీసి కింద పెట్టాను అని చెప్పి వెళ్లింది.

జనవరి 8

కార్డులు రాసేటప్పుడు చర్చి రిజిస్టరు ముందు పెట్టుకునేదాన్ని. పేరుకొకటి, అతిథులకు మరో పది. ఇరవై ఆరేళ్లలో ఆవిడ కోసమని ఒక్కటి రాయలేదు. మిగిలింది తీసుకుంటుందిలే అనుకున్నానా? లేదు. అనుకుంటే కొంత నయం. అసలు తలపుకే రాలేదు.

పలక చూసి రాసేవాడు కనీసం రెండువందల మందినీ ఒకలా చూశాడు. నా అందమైన అక్షరాలు ఏం చూశాయి?

ఈ వారమంతా ఏవగింపు ఎవరి మీదో అనుకుని తెగ రాశాను. అడ్రసు తప్పు.

ఇంకు సీసా మూత తీశాను. ఎండి అట్టకట్టింది.

జనవరి 9, పొద్దున్న

అమ్మాయ్, రిబ్బను సంగతి తర్వాత మాట్లాడుకుందాం. నేను స్నానానికి వెళుతున్నాను, పది నిమిషాలు చాలుగా నీకు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు, బడి ఎదురుగా ఉన్న స్టేషనరీ కొట్లో నల్ల ఇంకు సీసా ఒకటి తీసుకురా. నీలం వద్దు. జెల్ పెన్ను తెస్తే విసిరేస్తాను. కొట్టాయన లేదంటాడు, పై అరలో వెనక ఉంటుంది, స్టూలు ఎక్కమను. ఆదివారం ఊడ్చే వేళకే నేను అక్కడుండాలి, ఇంకు ఆరడానికి ఒక పూట పడుతుంది. అట్ట కొనొద్దు. కార్డు ఉంది.